పాలమూరు నుంచి క్లినికల్ సైకాలజీ దాకా: నా అనుభవం

మాది జడ్చర్ల దగ్గర పల్లె. సైకాలజిస్ట్ కావాలంటే ఏం చదవాలె అక్కా అని పిల్లలు మస్తుమంది అడుగుతుర్రు, అందుకే నేను వచ్చిన దారి రాస్తున్న.

2015 సెప్టెంబర్ల కల్తీ కల్లు బంద్ పెట్టిచ్చినప్పుడు మా దిక్కు, అటు నిజామాబాద్ దిక్కు ఏమైందో మీ ఇంట్ల పెద్దోళ్లకు యాదుంటది. కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతుండిరి, ఏండ్ల సంది అదే తాగేటోళ్లకు ఒక్కపారి బందయితే చేతులు వణుకుడు, నిద్ర రాకపోవుడు, ఫిట్స్, లేనియి కనవడుడు. మా పెదనాయిన మంచంల కూసొని దుప్పటి మీదికెల్లి చీమలు ఏరి కింద పడేస్తుండె, అక్కడ ఒక్క చీమ లేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టిర్రు. దవాఖానల చేర్పిస్తే డాక్టర్ గోలీలిచ్చి, వాటి డోసు మెల్లమెల్లగ తగ్గించుకుంట వస్తే మనిషి మామూలైండు. నేనప్పుడు డిగ్రీల ఉన్న, ఇదే చదవాలని అప్పుడే అనుకున్న.

పీజీ సైకాలజీ అంటే అమ్మ ఏడ్చింది, పిచ్చోళ్లతోని పనిజేసే పిల్లను ఎవరు చేసుకుంటరని. నాయిన మాత్రం ఫీజు కట్టిండు.

ఇక్కడ ఒక్కటి గట్టిగ చెప్తున్న, పీజీ ఒక్కటే అయితే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోరాదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చదివి అండ్ల రిజిస్టర్ కావాలె. నేను చేసింది పీజీ తర్వాత రెండేండ్ల ఎంఫిల్, అప్పుడు సీట్లు తక్కువుండె, ఎంట్రన్స్ రాయాల్సొచ్చింది, చదువు సగం దవాఖాన వార్డులనే అయ్యింది. కొత్త కోర్సులు వస్తున్నయి, నియమాలు మారుతున్నయి, కాబట్టి ఫీజు కట్టకముందే ఆర్‌సీఐ వెబ్‌సైట్ల కాలేజీ పేరుందో లేదో చూస్కోండ్రి. వారం రోజుల సర్టిఫికెట్ జూపి థెరపిస్టులని చెప్పుకునేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది, వాళ్ల దగ్గరికొచ్చేది కష్టంల ఉన్న మనుషులు కద.

కేస్ హిస్టరీ, అంటే వచ్చినోళ్ల బాధ, ఎనకటి సంగతులు అడిగి రాసుకునుడే అన్నిటికన్న కష్టం. మనసు బాగలేదని మనోళ్లు ఎవ్వరు చెప్పరు, గుండెల గాబరయితుంది, అరికాళ్లు మండుతున్నయి అంటరు. కొడుకు బొంబాయి పనికి పోయిన ఒక అవ్వ గట్లనే అన్నది. "కల్లు తాగుతవా అవ్వా, ఆఖరికి ఎప్పుడు తాగినవ్?" అని అడిగిన. కోడలు బయటికి పోయేదాంక ఆగి, "మూడొద్దులాయె బిడ్డా, తాగకుంటే కండ్లు మూతవడయ్" అన్నది, కొంగు కింద చేతులు వణుకుతున్నయి. గా సంగతి సైకియాట్రిస్ట్‌కు, అంటే మనసు రోగాల డాక్టర్‌కు చెప్తే మందులే మారినయి.

ఇప్పుడు మహబూబ్‌నగర్లనే చేస్తున్న. మందులు నేను రాయ, అది సైకియాట్రిస్ట్ పని. మాట్లాడుడు, ఇంటోళ్లకు సమజయ్యేటట్టు చెప్పుడు, మళ్ల తాగకుండ నిలబెట్టుడు నా పని. మీ ఇంట్ల ఎవరన్న కల్లు ఒక్కపారి బందువెట్టి వణుకుతుంటే, లేనియి కనవడ్తున్నయంటే అదే రోజు దవాఖానకు తోల్కపోండ్రి. వేరే మనసు బాధలకు టెలీ మానస్ అనే సర్కారు హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యిండ్రి, పైసలు పడయి, తెలుగుల మాట్లాడుతరు.