ఎవరో రాయించుకున్న ‘బాస్’, నాకొచ్చిన చలానాలు

ఫోన్‌కి చలానా మెసేజ్ వస్తే ముందు ఫొటో తెరిచి చూడండి. డబ్బు కట్టడం సంగతి ఆ తర్వాత. ఈ మాట ఇప్పుడు కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్తున్నాను. నాకు మెసేజ్‌లు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు, ఆఫీసులోవాళ్లు అందరూ ఒకటే సలహా ఇచ్చారు: కట్టేసెయ్, రెండు మూడు వందల కోసం స్టేషన్ల చుట్టూ ఎవరు తిరుగుతారు? నేను తిరిగాను. తిరగడమే మంచిదైంది.

నేను హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. 2021లో కొన్న గ్రే కలర్ స్కూటీ ఉంది. నయీంనగర్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి, ఆదివారం భద్రకాళి గుడికి. అంతకుమించి అది ఎక్కడికీ పోదు. అలాంటి బండి మీద కరీంనగర్‌లో ట్రిపుల్ రైడింగ్ అని మెసేజ్ వచ్చింది. ఎవరిదో పొరపాటున వచ్చిందనుకుని తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నా నంబర్ కొట్టి చూశాను. అక్కడ ఒకటి కాదు, మూడున్నాయి. మిగతా రెండూ కాజీపేటలో హెల్మెట్ లేకుండా వెళ్లినందుకు. ప్రతి చలానాకూ 35 రూపాయల యూజర్ ఛార్జీ అదనం.

ఫొటో వెనక నుంచి తీసింది. ముగ్గురు అబ్బాయిల వీపులు, వాళ్ల కింద నల్ల బైక్ వెనక భాగం, ఒక ప్లేటు. బైక్ ఏ కంపెనీదో తెలియనంత దగ్గరగా ఉంది ఆ ఫొటో. ప్లేటును పెద్దది చేసి చూశాను. పైన ఎడమ మూలకు టీఎస్, జిల్లా కోడ్, సిరీస్ అక్షరాలు బియ్యపు గింజలంత చిన్నగా ఉన్నాయి. మిగతా ప్లేటంతా నాలుగు అంకెలే, ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో వెంట్రుక దూరేంత ఎడం కూడా లేకుండా. మొదటి అంకెకు వీపు నిటారుగా గీసి ఇంగ్లిష్ ‘బి’లా చేశారు. సున్నా ‘ఓ’ అయింది. చివరి రెండు ఐదులూ మెలికలు తిరిగి ‘ఎస్’లయ్యాయి. మొత్తం కలిపి చదివితే ‘బాస్’.

నా బండి నంబర్ చివర 8055. సిరీస్ కూడా అదే. ఫొటో చూసి నంబర్ ఎక్కించినవాళ్లు మొదటి అంకెను 8 అనుకున్నారు. అందులో వాళ్లను తప్పుపట్టలేను, నేను చూసినా అది ఎనిమిదిలాగే ఉంది. చాలాసేపు జూమ్ చేసి చూశాక ఒకటి కనిపించింది. ఆ అంకె పై సున్న మూసుకున్న చోట నలుపు కాస్త వేరే నలుపు. అసలు అంకె 6. పైన తెరిచి ఉండాల్సిన కొసను చిన్న స్టిక్కర్ ముక్కతో మూసేశారు. 6055, 8055 ఒకే సిరీస్‌లో ఉండటం వింతేమీ కాదు. ఒక సిరీస్‌లో 9999 దాకా నంబర్లు ఇస్తారు కాబట్టి, అదీ మా జిల్లాలోనే, నా స్కూటీ రిజిస్టరైన రోజుల్లోనే రోడ్డెక్కిన బండి అయి ఉండాలి.

మా బాపుకి ఇదంతా చూపిస్తే, “ఎందుకు బిడ్డా ఈ తిరుగుడు, కట్టి పారెయ్యరాదు” అన్నాడు. చలానా కట్టడమంటే ఆ తప్పు చేసింది నా బండే అని ఒప్పుకోవడం. నన్ను భయపెట్టింది డబ్బు కాదు. ఆ ముగ్గురూ రేపు ములుగు రోడ్డు మీద ఎవరినైనా గుద్ది ఆగకుండా పోతే, చూసినవాళ్లు చెప్పేది నా నంబర్. పోలీసులు వచ్చేది మా ఇంటికి. అంతకుముందే నేను చలానాలు కట్టి ఉంటే, కాజీపేటలో, కరీంనగర్‌లో తిరుగుతున్నది నా బండేనని నేనే కాగితం రాసిచ్చినట్టు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఈ-చలాన్ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టే వీలుంది. ఆర్సీ, నా స్కూటీ వెనక వైపు ఫొటో, ఆ రోజు కాలేజీ హాజరు పట్టీ జతచేసి పంపాను. జవాబు రాలేదు. ఎదురుచూసి లాభం లేదని మాకు దగ్గర్లోని ట్రాఫిక్ స్టేషన్‌కు వెళ్తే, కౌంటర్ దగ్గరున్న కానిస్టేబుల్ ఫోన్‌లో చూసి, “నంబర్ మీదే ఉంది కదా మేడం” అన్నాడు. ప్లేటు మీద ఉన్నది ఆరు అంటే నవ్వాడు. “ఆరో ఎనిమిదో మాకెట్ల తెలుస్తది?” నేను అడగాల్సిన ప్రశ్న అది. తెలియకుండా చేసినవాణ్ని వదిలేసి, నిబంధన ప్రకారం ప్లేటు పెట్టుకున్నదాన్ని పట్టుకోవడం ఏం న్యాయం?

అప్పుడే నిబంధనలు తీసి చదివాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 50, 51 చదివితే చాలు, అంతా అందులోనే ఉంది. అక్షరాలు ఇంగ్లిష్‌లో, అంకెలు మామూలు 1, 2, 3 అంకెల్లో ఉండాలి. అలంకారపు రాత కుదరదు. వేరే పేర్లు, బొమ్మలు ప్లేటు మీద ఉండకూడదు. వెనక ప్లేటుపై రాష్ట్రం కోడ్, ఆఫీసు కోడ్ మొదటి వరుసలో, మిగతాది దాని కింద రెండో వరుసలో ఉండాలి. చోటు లేని మోడళ్లకు మాత్రం ఒకే వరుస చాలు. టూవీలర్ వెనక ప్లేటుకు అక్షరాల ఎత్తు 35 మిల్లీమీటర్లు, అంకెల ఎత్తు 40, గీత మందం 7, ఒక్కోదాని మధ్య ఎడం 5. ముందు ప్లేటుకు ఎత్తు 30, మందం 5, ఎడం 5. కార్ల వంటి పెద్ద బండ్లకు 65, 10, 10. ఈ 5 మిల్లీమీటర్లు ఎవరో ఆఫీసులో కూర్చుని తోచినట్టు రాసిన లెక్క కాదు. ఆ ఎడం ఉంటేనే కొంత దూరం నుంచి మనిషి కన్నయినా, కెమెరా అయినా ఒక్కో అంకెనూ విడిగా పోల్చుకుంటుంది. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి నా ప్లేటు కొలిచి చూశాను. సరిగ్గా ఉంది.

మా అక్క కొడుకు ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాడు. ఫోన్‌లో ఈ గోడు వెళ్లబోసుకుంటే, అక్కడ ఎడం విషయంలో ఇంకా గట్టిగా ఉంటారన్నాడు. అక్షరాల మధ్య 11 మిల్లీమీటర్లు, రెండు గుంపుల మధ్య 33 ఉండాలి. పేరులా కనిపించాలని జరిపి పెట్టుకుంటే 1,000 పౌండ్ల వరకు జరిమానా, ఏటా జరిగే ఎంవోటీ పరీక్షలో బండి ఫెయిల్, మరీ మొండికేస్తే ఆ నంబరునే వెనక్కి తీసుకుంటారట. మన దగ్గర చట్టం మెతకగా ఉంది. ప్లేటు సరిగా లేకపోతే వర్తించేది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 177. దాని కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ దొరికితే 1,500 వరకు. రోడ్డు మీద రాసే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అసలు రిజిస్ట్రేషనే లేకుండా తిప్పితే సెక్షన్ 192, అది 5,000 దాకా పోతుంది. కానీ పోలీసుల కళ్లు కప్పడానికే నంబరు మార్చారని తేలితే కథ వేరు. అది మోసం కేసు. ఇంతకుముందు ఐపీసీ 420 పెట్టేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318. చాలామంది పిల్లలకు ఈ తేడా తెలియదు. స్టిక్కర్ ముక్కకు వంద రూపాయల చలానానే కదా అనుకుంటారు.

ఈ కాగితాలన్నీ ప్రింట్ తీసుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి ఎస్సై ఉన్నారు. కూర్చోమని, ఫొటోను కంప్యూటర్‌లో తెరిచి నాతో పాటే చూశారు. నేను చెప్పింది మూడు ముక్కలు. నాది స్కూటీ, ఫొటోలో కనిపించే సీటు, వెనక మడ్‌గార్డు బైక్‌వి. ఆ ప్లేటు హై సెక్యూరిటీది కాదు, నాది అదే. ఆ సమయానికి నేను కాలేజీలో సంతకం పెట్టి ఉన్నాను.

రెండో మాటే ఆయనకు పట్టింది. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన ప్రతి బండికీ డీలరే హై సెక్యూరిటీ ప్లేటు బిగించి ఇవ్వాలి. అల్యూమినియం రేకు, పైన ఎడమవైపు అశోక చక్రంతో 20 మిల్లీమీటర్ల హోలోగ్రామ్, నీలం రంగులో ‘ఐఎన్‌డీ’, కింద లేజర్‌తో చెక్కిన వరుస నంబర్. తీస్తే మళ్లీ పనికిరాని లాక్‌తో బిగిస్తారు. నా స్కూటీని బయటికి తీసుకెళ్లి లేజర్ నంబర్ చూపించాను. ఆయన వంగి చదివి, లోపలికొచ్చి రికార్డుతో సరిచూశారు. సరిపోయింది. ఫొటోలోని ప్లేటుపై హోలోగ్రామ్ ఉండాల్సిన మూలలోనే సిరీస్ అక్షరాలు ఇరికించి ఉన్నాయి. అంటే కంపెనీ ప్లేటు పీకేసి బజార్లో చేయించుకున్నది పెట్టారన్నమాట.

తర్వాత ఆయన అదే సిరీస్‌లో 6055 కొట్టారు. నల్ల బైక్. ఆ మోడల్ వెనక లైటు, ఫొటోలోని లైటు ఒక్కటే. “మేడం, ఇది ముందే చూసుంటే అయిపోయేది” అన్నారు. చలానా రాసేటప్పుడు బండి రకం, రంగు రికార్డుతో ఒక్కసారి పోల్చుకుంటే ఇలాంటివి సగం అక్కడే ఆగిపోతాయని నేననుకుంటున్నాను, ఆయనతోనూ అన్నాను.

ఆ దారిలోనే నంబర్ ప్లేట్లు చేసే ఒక చిన్న షాపు దగ్గర ఆగాను. గోడకు రకరకాల నమూనాలు వేలాడుతున్నాయి. వాటిలో నిబంధనకు సరిపోయేది ఒక్కటీ లేదు. షాపతను మర్యాదగానే మాట్లాడాడు. “పోరగాళ్లు అడుగుతరు అక్కా, మేం ఏస్తం. వద్దంటే పక్క షాపుకు పోతరు.” ఆర్సీ చూస్తావా అంటే చూడం అన్నాడు. టీఎస్ మీద టీజీ స్టిక్కర్లు కూడా అమ్ముతున్నాడు. టీజీ వచ్చింది 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరైన బండ్లకే. పాత టీఎస్ బండి టీఎస్‌గానే తిరగాలి. దాని మీద టీజీ అతికించినా అది ప్లేటు మార్చినట్టే. ఈ సంగతి అతనికి చెప్తే నిజంగానే తెలియదన్నాడు. నమ్మాను. కానీ ఒక్కడికి తెలియకపోవడం వేరు, ఊళ్లో ఇన్ని షాపులు బహిరంగంగా ఇదే పని చేస్తుంటే ఎవరూ అడగకపోవడం వేరు. జరిమానా బండి నడిపే పిల్లాడి దగ్గరే ఆగిపోతోంది. చేసిచ్చిన చెయ్యి వరకూ వెళ్లడం లేదు. నన్నడిగితే మొదట మార్చాల్సింది అది.

బైక్ యజమానిని పిలిపించారు. హుజూరాబాద్ దగ్గరి ఊరు. బండి తండ్రి పేరు మీద ఉంది, నడిపేది డిగ్రీ చదివే కొడుకు. స్టేట్‌మెంట్ మీద సంతకానికి నేను వెళ్లినప్పుడు వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. స్క్రూడ్రైవర్ తెప్పించి ఆ పిల్లాడి చేతే ప్లేటు విప్పించారు. విప్పాక బల్ల మీద పెడితే నేను దగ్గరగా చూశాను. ఆరు పైన అతికించిన ముక్క ఎండకు అంచు లేచి ఉంది. పెద్దాయన నా వైపు తిరిగి, “తప్పైంది చెల్లె, మాకు తెల్వదు, నంబర్ మంచిగ కనవడాలె అన్నడు” అన్నాడు. ఆ పిల్లాడు తలెత్తలేదు. మోసం కేసు పెట్టొచ్చని ఎస్సై వాళ్ల ముందే చెప్పారు, పెట్టలేదు. నేనూ పట్టుబట్టలేదు. చదువుకునే పిల్లాడి మీద కేసు పడాలని నాకు లేదు. కానీ ప్లేటుకు విడిగా చలానా రాయాలని, హై సెక్యూరిటీ ప్లేటు బిగించాకే బండి ఇవ్వాలని మాత్రం గట్టిగా అడిగాను. రెండూ చేశారు.

కాజీపేట చలానాలు రెండూ నా నంబర్ మీంచి తీసేసి వాళ్ల బండికి మార్చారు. కరీంనగర్‌ది అంత తేలిగ్గా పోలేదు. అది వేరే కమిషనరేట్, అక్కడివాళ్లు రాసిన చలానాను వరంగల్‌లో తీయడం కుదరదు. చలానా వివరాల్లో యూనిట్ పేరు ఉంటుంది, అది చూసుకుని వెళ్లాలి. ఇది ముందే తెలిసుంటే దరఖాస్తులు రెండు చోట్లా ఒకేసారి ఇచ్చేదాన్ని. ఇక్కడి ఎస్సై రాసిచ్చిన లెటర్ తీసుకుని కరీంనగర్ బస్సెక్కాను. వాళ్లు ఆ లెటర్, ఫొటోలు చూసి ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. కొన్నాళ్లకు సైట్‌లో నా నంబర్ కొడితే పెండింగ్ చలానాలు లేవని వచ్చింది.

ఇలాంటిది జరిగి నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. దరఖాస్తులో చలానా నంబర్, తేదీ, చోటు రాయండి. ఆర్సీ జిరాక్స్, మీ బండి వెనక వైపు తీసిన ఫొటో పెట్టండి. ఆ ఫొటోలో ప్లేటు, హోలోగ్రామ్, బండి రంగు మూడూ కనపడాలి. చలానా ఫొటోను కలర్ ప్రింట్ తీసి, తేడా ఉన్న చోట పెన్నుతో సున్నా చుట్టండి. నోటితో చెప్పేదానికంటే ఆ సున్నా త్వరగా అర్థమవుతుంది. ఆ సమయానికి మీరెక్కడున్నారో చూపే కాగితం ఏదున్నా సరే, హాజరు పట్టీ, ఆస్పత్రి చీటీ, పెట్రోల్ బిల్లు, జతచేయండి. అన్నిటికీ రెండో కాపీ తీసుకెళ్లి, దాని మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. మనం మళ్లీ వెళ్లేసరికి డ్యూటీలో వేరేవాళ్లుంటారు, ఆ ముద్ర లేకపోతే కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.