నాస్ తొలి ఆల్బమ్, మన ఊరి పిల్లోళ్ల ర్యాప్

అమెరికా ర్యాపర్ నాస్ తొలి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్' 1994లో వచ్చింది, అప్పటికి తనకి 20 ఏళ్లే. న్యూయార్క్‌లో తను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ సర్కారు ఇళ్లు, అక్కడి మత్తుమందు బేరాలు, జైల్లో ఉన్న ఫ్రెండ్‌కి రాసే ఉత్తరం, అన్నీ మన పక్కనే కూర్చుని చెప్పినట్టుంటాయి, జాలి మాత్రం అడగడు. ఒక పాట చివర్లో కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా) వాయించింది వాళ్ల నాన్నే, ఓలు డారా. 'ది సోర్స్' అనే హిప్‌హాప్ పత్రిక ఐదుకి ఐదు మైకులు (వాళ్ల రేటింగ్‌లో మార్కులు) ఇచ్చేసింది. అమ్మకాలేమో నత్తనడక, ప్లాటినం (అంటే పది లక్షల కాపీలు) అయ్యేసరికి 2001 వచ్చేసింది! (మెచ్చుకునేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు, మన సినిమాల్లో చూడట్లేదా.) మా తిరుపతిలో ర్యాప్ రాసే పిల్లోళ్లు అమెరికా ర్యాపర్ల బంగారు గొలుసుల గొప్పలు పక్కనపెట్టి లీలామహల్ సెంటర్ గురించి, అలిపిరి దగ్గర పూలమ్మే అమ్మ గురించి మన యాసలోనే రాస్తే వినాలని నాకు భలే ఆశ, బీట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.