రీల్‌లో పెట్టుకోలేని షాట్లు

మొన్న రాత్రి షోరీల్ (మన మంచి షాట్లు కలిపి పని ఇచ్చేవాళ్లకి చూపించే వీడియో) అప్‌డేట్ చేద్దామని కూర్చున్నా. తొమ్మిదేళ్లుగా యానిమేషన్ చేస్తున్నా, బయటికి చూపించుకోదగ్గది ఎంతుందా అని తీసి చూస్తే ఒకటిన్నర నిమిషం తేలింది. పని చెయ్యక కాదు. నేను చేసినవాటిలో మంచివి అనుకునే షాట్లన్నీ ఓ సిరీస్‌లో ఉండిపోయాయి, రెండేళ్లు చేశాం దాన్ని, సగానికి పైగా అయ్యాక ఆపేశారు. ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) మీద సంతకం పెట్టాం కాబట్టి రిలీజ్ అయ్యేదాకా ఒక్క ఫ్రేమ్ కూడా బయట పెట్టకూడదు, అది ఇక రిలీజే కాదు, అంటే ఆ రెండేళ్లు నా రెజ్యూమెలో ఓ ఖాళీ అన్నమాట.

అందులో ఒక షాట్ గురించి చెప్పాలి. ముసలావిడ కుర్చీలోంచి లేస్తుంది, అంతే. నాలుగు సెకన్లు, 96 ఫ్రేములు. ముందు నేనే కెమెరా పెట్టుకుని ఓ ఇరవై సార్లు లేచి కూర్చుని రెఫరెన్స్ తీసుకున్నా, కానీ నా మోకాళ్లు వేరు ఆవిడ మోకాళ్లు వేరు కదా, అందుకని పెద్దవాళ్లు ఎలా లేస్తారో చూడ్డం మొదలుపెట్టా. వాళ్లు లేవడానికి ముందే ఒళ్లు ముందుకి వంచుతారు, చెయ్యి మోకాలి మీద వేస్తారు, ఓ క్షణం ఆగుతారు. ఆ ఆగడంలోనే వయసంతా ఉంది. బ్లాకింగ్ (ముఖ్యమైన భంగిమలు మాత్రం పెట్టడం) అప్రూవ్ అయింది, వాటి మధ్య కదలికని కంప్యూటర్ నింపే స్ప్లైన్‌లో పెట్టగానే మనిషి నీళ్లలో తేలుతున్నట్టు అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చి కదలికని నడిపే గ్రాఫ్ గీతలు, అదే కర్వ్‌లు, ఒక్కోటీ సరిచేశా, "తొందరగా లేస్తోంది" అని నోట్, మళ్లీ రిటేక్. మూడు వారాలు పట్టింది. ఆఖరికి డైలీస్‌లో (చేసిన షాట్లు అందరూ కూర్చుని చూసే మీటింగ్) డైరెక్టర్ గారు ఏం మాట్లాడకుండా చూసి "ఇంకోసారి ప్లే చెయ్యండి" అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఎన్ని రాత్రులు కూర్చున్నానో. ఇప్పుడా షాట్ ఏదో సర్వర్‌లో ఉంది, ఉందో డిలీట్ చేశారో కూడా నాకు తెలీదు.

ఇది నా ఒక్కడి గోడు కాదు. 2022 ఆగస్టులో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ వాళ్లు దాదాపు పూర్తయిన స్కూబీ డూ యానిమేషన్ సినిమాని ఆపేశారు, అదే నెలలో ఇన్ఫినిటీ ట్రైన్ లాంటి సిరీస్‌లని స్ట్రీమింగ్‌లోంచే తీసేశారు. 2023లో కయోటీ వర్సెస్ ఆక్మీ, పూర్తయిపోయిన సినిమా, ట్యాక్స్‌లో కలిసొస్తుందని పక్కన పెట్టేశారు. దాని మీద అంత గొడవ జరిగింది కాబట్టి 2025లో వేరే కంపెనీ కొనుక్కుంది. గొడవ చెయ్యడానికి ఎవరూ లేని సినిమాల సంగతేంటి?

ఓవర్‌టైమ్ గురించి అందరూ రాస్తారు, అదీ నిజమే, కానీ నన్ను ఎక్కువ తినేసేది తర్వాతి ప్రాజెక్ట్ ఉందా లేదా అన్న భయం. లాక్‌డౌన్‌లో స్ట్రీమింగ్ వాళ్లు పోటీలు పడి ఆర్డర్లు ఇచ్చారు, 2022లో నెట్‌ఫ్లిక్స్‌కి సబ్‌స్క్రైబర్లు తగ్గగానే ముందు కోత పడినవాటిలో యానిమేషన్ ఒకటి. 2024లో పిక్సర్ కూడా 14 శాతం మందిని తీసేసింది. అసలు స్టూడియోలే నిలబడట్లేదు, ఎందుకంటే ఫిక్స్‌డ్ బిడ్‌కి పని ఒప్పుకుంటారు, క్లయింట్ ఎన్నిసార్లు మార్చమన్నా రేటు మారదు, ఆ తేడా అంతా ఆర్టిస్టుల రాత్రుల్లోంచే వస్తుంది. లైఫ్ ఆఫ్ పైలో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది, రెండు వారాలు తిరక్కుండానే అదే సినిమాకి ఆస్కార్ వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, ఎంపీసీ, మిల్ అనే ఎఫెక్ట్స్ స్టూడియోలు ఉన్న టెక్నికలర్ గ్రూప్ కూలిపోయింది. కొన్ని వేల మంది, కొన్ని రోజుల్లో.

ఇక ఏఐ. ఈమధ్య వస్తున్న ఆఫర్లలో చాలావరకు "జనరేట్ చేసింది ఇస్తాం, సరిచేసి పెట్టండి" అనే రకం, రేటు సగం. ఏం సరిచెయ్యాలి? అందులో రిగ్ (బొమ్మని కదపడానికి లోపల పెట్టే అస్థిపంజరం లాంటిది) లేదు, కర్వ్‌లు లేవు, ఉన్నవన్నీ పిక్సెల్సే. చెయ్యి రెండు ఫ్రేములు ఆలస్యంగా లేవాలి అని డైరెక్టర్ అంటే నా షాట్‌లో కీ (భంగిమ పెట్టిన ఫ్రేమ్) జరిపితే అయిపోతుంది, అక్కడ మాత్రం మళ్లీ జనరేట్ చెయ్యాలి, అప్పుడు మొహం కూడా మారిపోతుంది. ఇంకో బాధ ఏంటంటే ముందు పోతున్నవి ఇన్‌బిట్వీన్లు (మధ్య ఫ్రేములు), క్లీనప్ (గీతలు శుభ్రంగా దిద్దడం) లాంటి చిన్న పనులు. నేను నేర్చుకుంది అక్కడే, సీనియర్ల కీ డ్రాయింగ్‌ల మధ్య ఫ్రేములు గీస్తూ. కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారో నాకు నిజంగా అర్థం కావట్లేదు.

ఆ రాత్రి రీల్ మూసేసి బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేశా. ఓ ఫ్రీ రిగ్ తీసుకుని ఆ షాట్‌ని మళ్లీ మొదలుపెట్టా. క్యారెక్టర్ వాళ్లది, డిజైన్ వాళ్లది, నేను ఆ ఫైల్ ముట్టుకోకూడదు, ఒప్పుకుంటా. కానీ పెద్దవాళ్లు ఎలా లేస్తారో చూసింది నేనే కదా. ఇప్పటికి బ్లాకింగ్ నలభయ్యో ఫ్రేమ్ దాకా వచ్చింది, చెయ్యి మోకాలి మీద పడి ఆగే దగ్గర మాత్రం ఇంకా కుదరట్లేదు.