ఇన్ని డిగ్రీలు, ఇన్ని మీటర్లు: బేరింగులతో మల్టీ క్యాష్ పెట్టిన నా అనుభవం

జియోక్యాషింగ్ అంటే ఒకరు దాచిన డబ్బాని (క్యాష్‌ని) మిగతావాళ్ళు జీపీఎస్ సాయంతో వెతికే ఆట. అందులో చివరి డబ్బా దాకా వరసగా మజిలీలు (స్టేజ్‌లు) దాటుకుంటూ వెళ్ళేది మల్టీ క్యాష్. మామూలు మల్టీ క్యాష్‌లో ఒక స్టేజ్ దొరికితే తర్వాతి స్టేజ్ కోఆర్డినేట్లు (అక్షాంశ రేఖాంశాల అంకెలు) దొరుకుతాయి. వాటిని ఫోన్లో కొట్టి, బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు నడవడమే. అలాంటివి చాలా వెతికాక విసుగు పుట్టింది. దారి పొడవునా మన చూపంతా తెర మీదే, చుట్టూ ఉన్న చోటు మీద కాదు. అందుకే నేను పెట్టబోయే మల్టీలో మొదటి స్టేజ్‌కి మాత్రం కోఆర్డినేట్లు ఇచ్చి, అక్కణ్ణుంచి "ఇన్ని డిగ్రీలు, ఇన్ని మీటర్లు" అంటూ నడిపిద్దామనుకున్నాను. ఆ డిగ్రీల లెక్కే బేరింగు, ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా కొలిచే కోణం. ఇదేం కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో 1854లో మొదలైన, దాచిన డబ్బాలు వెతికే ఆటైన లెటర్‌బాక్సింగ్‌లో కంపాస్ బేరింగులు, అడుగుల లెక్కలతో ఆనవాళ్ళు చెప్పడం పాత అలవాటే. జియోక్యాషింగ్ పుట్టింది 2000 మేలో, పౌరులు వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే దోషాన్ని అమెరికా ప్రభుత్వం ఆపేశాక.

దిగాక తెలిసిన మొదటి చిక్కు ఏమిటంటే, ఆటగాళ్ళకి కోఆర్డినేట్లు చెప్పకపోయినా, క్యాష్‌ని పరిశీలించి ఆమోదించే రివ్యూయర్‌కి చెప్పక తప్పదు. ప్రతి స్టేజ్‌నీ, చివరి డబ్బా అయిన ఫైనల్‌నీ వేపాయింట్లుగా, అంటే కోఆర్డినేట్లున్న గుర్తులుగా, నమోదు చేయాలి. వేరేవాళ్ళ డబ్బాలకి మన డబ్బాలు 161 మీటర్ల లోపు ఉండకూడదు, అది చూసుకోవడానికి. (ఒకే మల్టీలోని స్టేజ్‌ల మధ్య ఆ నిబంధన లేదు. ఒక స్టేజ్ నుంచి తర్వాతిదానికి నలభై మీటర్ల అంచెలు పెట్టగలిగింది అందుకే.) అంటే ఒకే చోటుని రెండు రకాలుగా చెప్పాలి: రివ్యూయర్‌కి కోఆర్డినేట్లుగా, ఆటగాడికి బేరింగు, దూరంగా. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగాలి. పని మొత్తంలో ఎక్కువ సమయం పట్టింది దీనికే.

రెండు చోట్లా కోఆర్డినేట్లు తీసుకుని, మధ్యలో బేరింగు ఎంతో యాప్‌తో లెక్కగట్టేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. దూరం ఎక్కువుంటే అయిపోతుంది కూడా. తక్కువైతే మాత్రం కొంప మునుగుతుంది. ఫోన్ జీపీఎస్ ఆరుబయటే ఓ 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. రెండు చివర్లా చెరో 5 మీటర్లు ఎదురెదురు పక్కలకి తప్పాయనుకోండి. 300 మీటర్ల అంచెలో ఆ 10 మీటర్ల వల్ల బేరింగు రెండు డిగ్రీలు కూడా మారదు. అదే 40 మీటర్ల అంచెలో 14 డిగ్రీలు మారిపోతుంది.

కంపాస్ సంగతి దీనికి సరిగ్గా తిరగేసి. చేతిలో పట్టుకునే బేస్‌ప్లేట్ కంపాస్ మీద గీతలు సాధారణంగా రెండేసి డిగ్రీలకి ఉంటాయి. చెయ్యి కదలడం, నడకలో పక్కకి జరగడం కలుపుకుంటే మూడు డిగ్రీల తేడా మామూలే. ఒక డిగ్రీ తప్పితే 60 మీటర్లకి ఒక మీటరు పక్కకి పోతామన్నది గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క. ఆ లెక్కన మూడు డిగ్రీలంటే 40 మీటర్లకి రెండు మీటర్లు, 300 మీటర్లకి 15. రెండు మీటర్ల మేర వెతకడం సరదాగానే ఉంటుంది. పదిహేను మీటర్ల పొదలు వెతకడం శిక్ష.

కాబట్టి చిన్న అంచెల్ని కంపాస్, టేపుతో నేల మీదే కొలిచాను. ఆటగాడు కూడా వాటిని కంపాస్‌తోనే నడుస్తాడు. వాగు దాటి వెళ్ళే పెద్ద అంచె ఒక్కటే ఉంది. దాన్ని కోఆర్డినేట్ల నుంచి లెక్కగట్టి, "దీన్ని మీ జీపీఎస్‌లో ప్రొజెక్ట్ చేసుకోండి" అని రాసేశాను. ప్రొజెక్ట్ చేయడమంటే మొదలుపెట్టే చోటు, బేరింగు, దూరం ఇచ్చి చేరాల్సిన చోటి కోఆర్డినేట్లు లెక్కగట్టించడం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రొజెక్ట్ చేసేటప్పుడు చాలామంది "నేను ఇప్పుడున్న చోటు" అన్నదాన్నే మొదలుగా పెట్టుకుంటారు, దాంతో ఆ క్షణానికి జీపీఎస్‌లో ఉన్న తేడా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే ఆ స్టేజ్ డబ్బా మూత లోపల, మొదలుపెట్టాల్సిన చోటి కోఆర్డినేట్లని నిమిషాల్లో మూడో దశాంశ స్థానం దాకా రాసిపెట్టాను. నిమిషంలో వెయ్యో వంతంటే ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. తూర్పు పడమరలుగా అయితే భూమధ్యరేఖకి దూరమయ్యేకొద్దీ తగ్గుతూ, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమవుతుంది.

మరి చెట్ల కిందున్న స్టేజ్‌ల కోఆర్డినేట్లు రివ్యూయర్‌కి ఎలా ఇచ్చానంటారా? పైన ఆకాశం బాగా కనిపించే ఒక రాయి దగ్గర జీపీఎస్‌ని చాలాసేపు ఉంచి సగటు తీశాను. అక్కణ్ణుంచి టేపు కొలతల్నే వరసగా ప్రొజెక్ట్ చేశాను. కొమ్మల కింద ఫోన్ చూపించే అంకెల కంటే ఇవే నమ్మదగ్గవి.

తర్వాత ఉత్తరం గొడవ. జీపీఎస్, మ్యాపు చెప్పే ఉత్తరం భౌగోళిక ఉత్తరం. కంపాస్ ముల్లు చూపించేది అయస్కాంత ఉత్తరం. ఈ రెంటి మధ్య కోణమే డిక్లినేషన్. అది కొన్ని చోట్ల సున్నాకి దగ్గరగా ఉంటుంది, కొన్ని చోట్ల 15 డిగ్రీలు దాటుతుంది. 15 డిగ్రీలంటే 100 మీటర్లు నడిచేసరికి 26 మీటర్ల దూరంలో తేలతాం. మీ చోట తేడా ఎంతో భూమి అయస్కాంత క్షేత్రానికి నమూనా అయిన వరల్డ్ మాగ్నెటిక్ మోడల్ ఆధారంగా లెక్కగట్టి చూపించే కాలిక్యులేటర్లు ఉన్నాయి. డిక్లినేషన్ తూర్పుకి ఉంటే భౌగోళిక బేరింగులోంచి తీసేయాలి, పడమరకి ఉంటే కలపాలి. ఉదాహరణకి 72 డిగ్రీల భౌగోళిక బేరింగు, తూర్పుకి 9 డిగ్రీల డిక్లినేషన్ అయితే కంపాస్ మీద పెట్టుకోవాల్సింది 63.

ఆటగాడి చేత ఈ లెక్క చేయించాలా వద్దా అన్నది రూపకర్త ఇష్టం. నా మటుకు నేను చేయించలేదు. కంపాస్ అంచెలకి అయస్కాంత బేరింగే ఇచ్చాను, ప్రొజెక్షన్ అంచెకి భౌగోళిక బేరింగు ఇచ్చాను, ఏది ఏదో ప్రతి అంకె పక్కనా రాశాను. ఫోన్లోని కంపాస్ వాడేవాళ్ళు సెట్టింగుల్లో ఏ ఉత్తరం ఎంచుకున్నారో చూసుకోమని కూడా ఒక వాక్యం చేర్చాను, చాలా ఫోన్లు రెండింటిలో ఏదైనా చూపించగలవు కాబట్టి. డిక్లినేషన్‌ని దాచి అదే పజిల్ అనేవాళ్ళని చూశాను. నాకది తెలివిగా అనిపించదు. దాన్ని పట్టుకున్నవాడికి ఆనందం కలగదు, చిరాకు పుడుతుంది.

ఇనుము గురించి వేరే చెప్పాలి. రెండో స్టేజ్‌కి నేను ఎంచుకున్నది అయస్కాంతంతో ఇనప రెయిలింగ్‌కి అంటుకునే చిన్న నానో డబ్బా. దాచడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ అక్కడే నిలబడి కంపాస్ తీస్తే ముల్లుకి రెయిలింగ్ ఒక పోటు, డబ్బాలోని అయస్కాంతం ఇంకో పోటు. ఒక చోట ఇనుము ప్రభావం ఉందో లేదో తేల్చుకోవడానికి సర్వే చేసేవాళ్ళ పద్ధతి ఒకటుంది. ఇటు నుంచి అటు బేరింగు తీయాలి, అటు వెళ్ళి వెనక్కి బేరింగు తీయాలి. రెంటికీ తేడా సరిగ్గా 180 రావాలి. రాలేదంటే ఏదో ఒక చివర ముల్లుని ఏదో లాగుతోందన్నమాట. రెయిలింగ్ దగ్గర అస్సలు రాలేదు. అక్కణ్ణుంచి కొన్ని అడుగుల అవతల ఒక పెద్ద బండరాయి ఉంది, దాని మీద నిలబడి చూస్తే వచ్చింది. అందుకని "డబ్బా దొరికాక దాన్ని తిరిగి పెట్టేసి, ఎదురుగా ఉన్న బండ మీదకెక్కి బేరింగు చూడండి" అని రాశాను. దగ్గర్లో సిమెంటు దిమ్మ కూడా ఉంది, నిలబడ్డానికి ఇంకా వీలుగానే ఉంటుంది. కాకపోతే లోపల ఇనప ఊచలు ఉండొచ్చని దాని జోలికి పోలేదు.

దూరం విషయంలో అడుగుల లెక్క ఇవ్వలేదు. పొడుగువాడి అడుగు, పిల్లాడి అడుగు ఒకటి కావు. మీటర్లలోనే ఇచ్చాను, కానీ జనం దగ్గర టేపు ఉండదు. దానికి మొదటి స్టేజ్ దగ్గరే ఒక చిన్న ఏర్పాటు చేశాను. కాలిబాట పక్కన 50 మీటర్ల ఎడంలో రెండు చెట్లున్నాయి. "ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి నడుస్తూ కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టుకోండి, మిగతా దారంతా అదే మీ కొలబద్ద" అన్నాను. ఎక్కుడు దారిలో ఇది పనిచేయదు, అడుగు కురచవుతుంది. పైగా 20 డిగ్రీల వాలులో నేల మీద 100 మీటర్లు నడిస్తే మ్యాపులో కదిలేది 94 మీటర్లే. వాలున్న చోట బేరింగు, దూరంతో అంచె పెట్టడమే మానేశాను.

నాకు బాగా నచ్చిన స్టేజ్‌లో దూరమే లేదు. రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు బేరింగులు ఇచ్చాను, ఆ గీతలు కలిసే చోట డబ్బా. ఇక్కడ చూసుకోవాల్సింది గీతలు కలిసే కోణం. నేను తీసుకున్నట్టు 80 మీటర్ల దూరానికి మూడు డిగ్రీల తేడా వేసుకుంటే, ఒక్కో గీతా దాదాపు 8 మీటర్ల వెడల్పున్న పట్టీ అవుతుంది. రెండు పట్టీలు లంబంగా కలిస్తే వెతకాల్సిన చోటు ఈ మూల నుంచి ఆ మూలకి 12 మీటర్లే. 20 డిగ్రీల కోణంలో కలిస్తే అదే 50 మీటర్లకి దగ్గరవుతుంది. అందుకే మొదట అనుకున్న రెండు చోట్లలో ఒకదాన్ని వదిలేసి, గీతలు ఇంచుమించు లంబంగా తెగేలా వేరే చోటు ఎంచుకున్నాను. ఒకళ్ళు ఒక చోట, ఇంకొకళ్ళు రెండో చోట నిలబడి, మూడోవాళ్ళని "ఇంకొంచెం ఎడమకి, ఆగు" అని కేకేసి జరుపుకుంటూ పోతే ఇది ఇంకా బాగుంటుంది.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది కూడా బేరింగే నిర్ణయించాలి. ఒకేలాంటి చెట్ల మధ్య ఒక చెట్టు మొదట్లో పెడితే మూడు డిగ్రీల తేడా కూడా మనల్ని ముంచుతుంది. చుట్టుపక్కల మరోటి లేని వస్తువు దగ్గర, అంటే పడిపోయిన మాను, విడిగా ఉన్న బండ లాంటి దాని దగ్గర పెడితే, నాలుగు మీటర్లు పక్కకి వచ్చినవాడు కూడా చూడగానే గుర్తుపడతాడు. ఫైనల్‌కి ఇంకో జాగ్రత్త తీసుకున్నాను. నడిచే దారికి అడ్డంగా వచ్చే వాగు గట్టుకి కాస్త ఇవతల పెట్టాను. గట్టు తగిలిందంటే దాటి వచ్చేశామని తెలిసిపోతుంది. ప్రతి అంచె చివరా చేత్తో పట్టుకునే డబ్బా ఒకటి ఉండాలని కూడా పట్టుబట్టాను. డబ్బా దొరికిన చోట అంతవరకు పోగైన తేడా సున్నా అయిపోతుంది. మధ్యలో డబ్బా లేకుండా రెండు మూడు బేరింగులు వరసగా నడిపిస్తే తేడాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

అన్నీ పెట్టాక ఒక స్నేహితుణ్ణి కాయితం చేతికిచ్చి పంపాను, నేను వెనకాల మాట్లాడకుండా నడిచాను. లెక్కల దగ్గర ఆగలేదు కానీ మాటల దగ్గర ఆగాడు. "ఇక్కణ్ణుంచి అని రాశావు, ఎక్కణ్ణుంచి? డబ్బా దగ్గర్నుంచా, నేను నిలబడ్డ చోటు నుంచా?" అన్నాడు. ఆ ప్రశ్నతో ప్రతి అంచె ముందూ కాళ్ళు ఎక్కడ ఆనించాలో ఒక వాక్యం చేరింది. బేరింగుల్ని దశాంశాల్లో ఇవ్వడం కూడా తీసేశాను. రెండేసి డిగ్రీల గీతలున్న కంపాస్ పట్టుకున్నవాడికి 63.4 అని చెప్పి ఏం ప్రయోజనం?

అయస్కాంత ఉత్తరం ఏటా కొద్దికొద్దిగా జరుగుతుంటుంది కాబట్టి, బేరింగులు కొలిచిన నెల, సంవత్సరం క్యాష్ వివరాల్లో రాశాను. మాగ్నెటిక్ మోడల్ ఐదేళ్ళకోసారి కొత్తది వస్తుంది. అప్పుడు అంకెలు సరిచూసి, తేడా ఒక డిగ్రీ దాటితే కాయితాలు మార్చాలి. దాటకపోతే, డబ్బా దొరికినవాళ్ళు పేర్లు రాసే లాగ్‌బుక్ తడిసిందేమో చూసుకుని వచ్చేయడమే.