హేగ్ గారి గుర్రం

లండన్ వైట్‌హాల్ రోడ్డు మధ్యలో బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ హేగ్ విగ్రహమై గుర్రమెక్కి ఉన్నాడు, నెత్తిన టోపీ కూడా లేకుండా. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జూలై 1న, సోమ్ యుద్ధం మొదలైన ఒక్క రోజులోనే 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు చచ్చిపోయారు, అప్పుడు ఫ్రాన్స్‌లో వాళ్ల సేనాధిపతి ఈయనే, అందుకే కసాయి అని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, 1918లో గెలిపించింది ఎవరని ఎదురు ప్రశ్న వేసేవాళ్లూ ఉన్నారు. తమాషా ఏంటంటే, 1937లో విగ్రహం ఆవిష్కరించేదాకా ఏళ్ల తరబడి నడిచిన రచ్చలో పెద్ద భాగం గుర్రం గురించే! ఆయన భార్యకే నచ్చలేదు. దాని వెనక కాళ్ల వాలకం చూస్తే నాకూ నవ్వాగలేదు, ఎందుకో చెప్పను, వెళ్లి చూడండి. కానీ 1915లో ఫ్రాన్స్‌లోని న్యూవ్ షపెల్‌లో ఈయన సైన్యంలో భాగంగా పోరాడి ప్రాణాలిచ్చిన మన భారతీయ సిపాయిలు గుర్తొచ్చాక ఫొటో తీయబుద్ధి కాలేదు.