చౌడు పట్టిన కుండీలు: మా మేడ మీద తోట, మార్చి నుంచి నవంబర్ దాకా

మార్చి 16

ఈ ఏడాది అన్నీ రాసిపెట్టుకోవాలనుకున్నాను. ఏ విత్తనం ఎప్పుడు వేశానో గుర్తులేక పోయినేడాది చేసిన తప్పే మళ్ళీ చేశాను మరి.

మాది విశాఖపట్నం పెదవాల్తేరులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. అక్కడ ఒక మూల నాది. మొత్తం 42 కుండీలు, అందులో సగం 20 లీటర్ల పెయింట్ డబ్బాలు. మిగతావి గ్రో బ్యాగులు, పగిలిన వాటర్ ట్యాంకుని అడ్డంగా కోయించి చేసిన రెండు తొట్లు. అన్నిటి కిందా ఇటుకలు పెట్టాను. స్లాబు చెమ్మగిలకూడదని అసోసియేషన్ వాళ్ళ షరతు.

మట్టి కలిపిన లెక్క: ఎర్రమట్టి రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, డబ్బాకి గుప్పెడు వేపపిండి. ఎర్రమట్టి భీమిలి దారిలో దిబ్బల నుంచి తెచ్చావా అని చెల్లెలు వేళాకోళమాడింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర చెంచాడు మట్టి కూడా తీయకూడదు, అది రక్షిత ప్రదేశం. నాది నర్సరీలో కొన్న బస్తా.

మిరప 8, టమాటా 6, బెండ 10, వంగ 4. తొట్లలో తోటకూర, బచ్చలి.

ఏప్రిల్ 13

మిరప ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగి, కాల్చిన అప్పడంలా పెళుసుగా ఉన్నాయి. ఎండే అనుకుని 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించాను. రెండో రోజే సముద్రపు గాలికి ఒక మూల చిరిగింది. మళ్ళీ కట్టేటప్పుడు వల అంచుని మడిచి, మడతలో నైలాన్ తాడు దూర్చి లాగి కట్టాను. ఇప్పటికైతే నిలబడింది.

ఏప్రిల్ 29

నీడ ఇచ్చినా అంతే. పూటకి ఒకసారి పోసే నీళ్ళు రెండుసార్లు పోశాను, ఇంకా ఎక్కువైంది. బెండ పూత రాలిపోతోంది. పిండినల్లి లేదు, పేనుబంక లేదు. అయినా లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టేశాను. ఏమీ తోచనప్పుడు అందరం చేసేది అదేగా.

మే 4

ఎం.వి.పి. కాలనీ రైతు బజార్లో ఆకుకూరలమ్మే మామ్మగారికి ఫోన్లో ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకి లాక్కుని చూసి, "ఎండకైతే పైనాకు మాడతాది. నీది అడుగాకు అంచులమ్మట మాడింది. ఏ నీళ్ళు పోస్తన్నావమ్మా?" అంది. బోరు నీళ్ళన్నాను. "అద్గదీ, చౌడు పట్టేసుంటాది" అని గోంగూర కట్ట నా సంచీలో పడేసింది.

ఇంటికొచ్చి చూస్తే డబ్బాల అంచుల దగ్గర మట్టి మీద తెల్లటి పొర. రోజూ కనిపించేదే, వేపపిండికి పట్టిన బూజనుకునేదాన్ని. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పే.

మే 9

రూ. 250 పెట్టి, నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ కొన్నాను. ఇంట్లో ఉన్న నీళ్ళన్నిటిలో ముంచాను, మా ఆయన తాగుతున్న గ్లాసుతో సహా. పీపీఎంలో (పది లక్షల పాళ్ళకి ఎన్ని పాళ్ళని) ఇవీ అంకెలు: కుళాయి నీళ్ళు 170, బోరు 1,380, ఏసీ నుంచి కారే నీళ్ళు 18. ఆర్.ఓ. మెషీన్ బయటికి వదిలేవి 2,050.

చివరి అంకె చూసి కూలబడ్డాను. మా ఇంట్లో ఆర్.ఓ.కి వెళ్ళేవీ బోరు నీళ్ళే. అది మంచినీళ్ళు మనకిచ్చి, మిగిలిన ఉప్పంతా బయటికి పంపే నీళ్ళలోకి తోసేస్తుంది. ఆ నీళ్ళు వృథా చేయకూడదని రెండేళ్ళుగా బకెట్లలో పట్టి, నాలుగంతస్తులు మోసి మొక్కలకి పోశాను. నీళ్ళు ఆదా చేస్తున్నానని పక్కింటివాళ్ళకి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఎక్కువ నీళ్ళు పోస్తే ఎందుకు ఎక్కువైందో కూడా అర్థమైంది. ఎండకి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. పూటపూటకీ కొత్త ఉప్పు తెచ్చి పాతదాని మీద పోస్తున్నానన్నమాట.

మే 17

పాపం ఒక్క బోరుదే కాదు. కడగని కొబ్బరి పొట్టు రెండు గుప్పెళ్ళు ఏసీ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి మీటర్ పెడితే 1,900. పీచు తీయడానికి కొబ్బరి డొక్కల్ని ఉప్పు కలిసిన కాలువ నీళ్ళలో నానబెట్టే చోట్ల ఆ ఉప్పు పొట్టుకీ పడుతుంది. కొబ్బరికి సొంతంగా ఉండేది వేరే. పొట్టుని పాత దిండు గలేబులో వేసి మూడుసార్లు నానబెట్టి పిండాను. రెండోసారికి 700, మూడోసారికి 240. ఇక నుంచి 300 లోపు వస్తేనే మట్టిలో కలుపుతాను.

మే 27

రోహిణి కార్తె. ఉక్కపోతకి మనుషులు కరిగిపోతున్నారు కానీ ఆ ఉక్కపోతే నాకు నీళ్ళిస్తోంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఏసీ అంత ఎక్కువ నీరు కారుస్తుంది. మా 1.5 టన్నుల ఏసీ కింద డబ్బా పెడితే తెల్లారేసరికి 11 లీటర్లు. పక్క ఫ్లాట్‌వాళ్ళ ఏసీ పైపుని కూడా అడిగి మా డబ్బాలోకి తిప్పించుకున్నాను. అవి తాగే నీళ్ళు కావు, మొక్కలకి మాత్రం బాగున్నాయి. అందులో పోషకాలేమీ ఉండవు కాబట్టి వారానికోసారి వర్మీ కంపోస్టు తప్పదు.

బియ్యం కడిగిన నీళ్ళు మొదటిరెండూ తోటకే. చేపలు కడిగిన నీళ్ళ దగ్గర అత్తయ్యతో చిన్న గొడవైంది. ఆవిడ ఉప్పు, పసుపు రాసి కడిగిన నీళ్ళు తెచ్చి కరివేపాకు మొదట్లో పోసేశారు. "మీ మావయ్య బతికున్నప్పటి నుంచీ ఇలాగే పోస్తున్నాను" అన్నారు. బొబ్బిలి దగ్గర పెరట్లో నేలకి పోస్తే ఫరవాలేదు, డబ్బాకైతే ఉప్పు పోయే దారి లేదు అని చెప్పాను. చివరికి ఒప్పందం కుదిరింది: ఉప్పు రాయకముందు కడిగినవి మొక్కలకి, తర్వాతవి సింకులోకి. కంపోస్టు బకెట్లో పాచిపోయిన ఆవకాయ వేయడం కూడా బంద్.

జూన్ 22

వాన పడింది. అసలైన మందు ఇదే. డబ్బాల అడుగు కన్నాలన్నీ చువ్వతో పొడిచి సాఫు చేసి, ఒక్కో డబ్బా వానలో వదిలేశాను. మధ్యలో డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళు కూడా పోశాను. లెక్క సులువు: డబ్బాలో మట్టి ఎంత పడుతుందో దానికి రెండింతల నీరు నెమ్మదిగా పోసి కిందకి కారనివ్వాలి. ఒక మిరప డబ్బా కింద పళ్ళెం పెట్టి చూస్తే మొదట కారినవి 2,600, ఆఖరున 410. ఎరువు సారం కూడా కొట్టుకుపోతుంది కాబట్టి వారం ఆగి డబ్బాకి రెండు దోసిళ్ళ వర్మీ కంపోస్టు వేశాను.

మిరపలో 5 బతికాయి. టమాటా అన్నీ పోయాయి. ఎవరూ వేయకుండానే తొట్టి అంచున మొలిచిన గంగవాయిలి కూర మాత్రం ఆ ఉప్పులోనే నవనవలాడుతోంది. పప్పులో వేశాం.

ఆగస్టు 24

జూలై మొదట్లో వేసిన ఆనప, బీర పందిరెక్కాయి. ఆనపకి పదిహేను పిందెలు వచ్చి, వేలెడయ్యాక పసుపుగా మారి రాలాయి. మళ్ళీ ఉప్పేనేమోనని మీటర్ పట్టుకుని పరుగెత్తాను. 380. ఇది వేరే గోల.

ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాని పని చూసుకోవాలి. నాలుగో అంతస్తు మేడ మీదకి, ఆ గాలిలో, అవి రావడం లేదు. కాబట్టి ఆ పని నాకు పడింది. ఆరున్నరకి టార్చి పట్టుకుని ఎక్కుతాను. సన్నటి కాడ మీద నిలబడ్డది మగపువ్వు. ఆడపువ్వు కింద వేలి కొసంత, నూగు నూగుగా పిందె ఉంటుంది. మగపువ్వు తెల్ల రేకులు వలిచేస్తే మధ్యలో పసుపు పుప్పొడి అంటిన మొద్దు మిగులుతుంది. దాన్ని ఆడపువ్వు మధ్యలో మూడు తమ్మెలకీ మెల్లగా రాయాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. గుర్తుకి కాడకి ఎర్ర దారం కడతాను. నాలుగో రోజుకి పిందె మెడ కిందకి వంగిందంటే పట్టినట్టే. 9 దారాలు కట్టాను, 6 నిలిచాయి.

బీరకీ సాయంత్రమే. కాకర, దోస అయితే పొద్దున్నే చూసుకోవాలి.

అక్టోబర్ 18

వాయుగుండం. రెండు రోజులు సముద్రం మీంచి ఒకటే గాలి. ఎత్తు కుండీలన్నీ ముందే పిట్టగోడ వారగా పడుకోబెట్టాను, నెట్ విప్పేశాను. మా ఊళ్ళో ఎవరికీ ఇది చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక పడకుండా మిగిలిన చెట్ల ఆకులు కూడా నిప్పంటుకున్నట్టు మాడి కనిపించాయి. కైలాసగిరి పచ్చదనమంతా పోయింది. గాలి ఆకుని చీలుస్తుంది, దాంతో వచ్చే సముద్రపు తుంపర కాలుస్తుందని అప్పుడు నాకు తట్టలేదు. ఈసారి గాలి తగ్గిన గంటలోనే డ్రమ్ములో వాన నీళ్ళు స్ప్రేయర్‌తో ఆకుల రెండు వైపులా కొట్టి కడిగాను. గాలివాటున ఉన్న బీర తీగ పోయింది. వంగకి ఏమీ కాలేదు.

నవంబర్ 9

మిరప ఆకుల్లో అంచు మాడినవి ఈ నెల ఒక్కటీ లేవు. వారానికి పావుకిలో కాయ వస్తోంది. ఆనప మొత్తం 11 కాయలు, పెద్దది 2 కిలోల 100 గ్రాములు. ఆకుకూర కొనలేదు, గోంగూర తప్ప; అది కావాలనే కొంటాను, మామ్మగారి దగ్గర.

చలికాలంలో ఏసీ ఉండదు, డ్రమ్ములో 150 లీటర్లే ఉన్నాయి. అందుకే కుళాయి నీళ్ళు రోజుకి రెండు బకెట్లు తోటకి ఒప్పించుకున్నాను. బోరు నీళ్ళు గంగవాయిలికీ, ఇటుకలు కడగడానికీ. పందిరి చిక్కుడు మొన్ననే మొగ్గ వేసింది. సంక్రాంతికి కాయ అందుతుందా అని అత్తయ్య రోజూ మేడెక్కి చూసొస్తున్నారు. చేతిలో చేపల గిన్నె లేకుండా.