బటు గుహల్లో మూత వెనక సాలీడు

కౌలాలంపూర్‌లో కేఎల్ సెంట్రల్ దగ్గర కొమ్యూటర్ రైలెక్కితే నేరుగా బటు కేవ్స్ స్టేషన్‌లో దిగొచ్చు. బయటికి రాగానే 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్, పక్కనే గుడికెళ్లే 272 మెట్లు. ముప్పావు వంతు ఎక్కాక నేను పక్కదారి పట్టాను.

"ఇంత దూరమొచ్చి స్వామిని వదిలేసి సాలీడు చూస్తానంటావేంట్రా?" అంది అత్తయ్య. దర్శనం తర్వాత చేసుకుంటానన్నాను. నమ్మలేదు.

ఆ దారి డార్క్ కేవ్‌ది. అది 2017. అప్పటికింకా హెల్మెట్, టార్చి ఇచ్చి గైడుతో లోపలికి పంపేవారు. ముందుగా తగిలేది గబ్బిలాల రెట్ట కంపు. ముక్కులు మూసుకున్న మమ్మల్ని చూసి గైడమ్మాయి నవ్వింది. వెలుతురు చొరని చోట మొక్క మొలవదు కదా, ఆ రెట్టే బొద్దింకలకు తిండి, ఆ పురుగులే సాలీళ్లకు తిండి.

నాకు కావలసింది లిఫిస్టియస్ బటుయెన్సిస్. 1923లో శాస్త్రలోకానికెక్కిన ఈ ట్రాప్‌డోర్ (గూటికి మూత తలుపు పెట్టుకునే) సాలీడుది మరీ పాత వంశం. పొట్ట మీద పలకలు పలకలుగా ఖండాలుంటాయి. దారం తీసే మొనలు పొట్ట చివర కాకుండా అడుగున మధ్యలో ఉంటాయి. ఇలాంటి పొట్టతో దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటి సాలీడు శిలాజాలు దొరికాయి.

గైడు గోడ మీద ఒకచోట టార్చి నిలిపింది. ఎంత చూసినా గోడే. చివరికి పట్టిచ్చింది దారాలు. సన్నటి పట్టు పోగులు నలువైపులా పాకి, ఒక్క చోటికి చేరుతున్నాయి. అక్కడుంది గుండ్రటి మూత, రాతి నలుసులు అంటుకుని అచ్చం గోడ రంగులోనే. దాని వెనక పట్టుగొట్టంలో సాలీడు గాలం వేసినవాడిలా కూర్చుని ఉంటుంది. పురుగు కాలు ఏ పోగుకు తగిలినా లోపల తెలిసిపోతుంది, ఎటు నుంచో కూడా. మూతెత్తడం, పట్టడం, లోపలికి లాగడం. ఆ చీకట్లో కళ్లతో పనేముంది?

మా గుంపులో ఒకాయన పోగును పుల్లతో కదిపి చూద్దామన్నాడు. గైడు ససేమిరా అంది. టికెట్ కొన్నాం కాబట్టి జంతువు బయటికొచ్చి కనబడాల్సిందేననే మొండితనం నాకూ గిట్టదు. మేమున్నంతసేపూ మూత కదల్లేదు.

తర్వాత గుడి గుహకు వెళ్లాను, మాట ప్రకారమే. అలవాటుగా అక్కడి గోడల మీదా పోగుల కోసం వెతికాను గానీ, పైకప్పు తెరుచుకుని వెలుతురు పడే ఆ చోట కోతులదే రాజ్యం. డార్క్ కేవ్ సందర్శనలు 2019లో ఆపేశారు.